పదకొండో నిబంధన మీద అతికించిన కాగితం

నా మీద కోపం తెచ్చుకోవలసినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఈ రోజు కోపం నాది. నేను ఒక నోటుపుస్తకాన్ని. ఎర్ర కాలికో గుడ్డ అట్ట, రెండు వందల పేజీలు. అట్ట మీద నల్ల స్కెచ్ పెన్నుతో ‘చెర ఆట: గార్డుల విధులు, పద్ధతులు’ అని రాసి ఉంటుంది. ఆటకి ఇంత పుస్తకమా అని నవ్వుతున్నారు కదూ? నవ్వండి. అలా నవ్వినవాళ్ళే ఒక మనిషిని చావు అంచు దాకా తీసుకుపోయారు.

విజయనగరంలో ఒక స్టేషనరీ కొట్టు అటక మీద నాతోపాటు కట్టలో ఉన్నవాళ్ళంతా బడికో, బ్యాంకుకో వెళ్ళారు. నన్ను కొన్నది పిల్లా అప్పలనరసమ్మ. ఆడవాళ్ళ జైల్లో ముప్పై ఒక్క ఏడు వార్డరు పని చేసి రిటైరైన మనిషి. ఏ ఊరి జైలో చెప్పను, అది ఆవిడ సొంత విషయం. నన్ను కొనేటప్పుడు అట్ట వంచి చూసి, కుట్టు లాగి చూసి, వంకాయలు ఏరినట్టు ఏరి మరీ పట్టుకెళ్ళింది.

ఆవిడ వీధిలోనే పెరిగిన కొయ్య ధనుంజయ్ ఊరి బయట మూతపడిన జూట్ గోదాము ఒకటి అద్దెకు తీసుకుని, లోపల ప్లైవుడ్డుతో గదులు కట్టి, ఇనుప రంగు పూసిన కర్ర ఊచలు బిగించి, ‘చెర’ అని బోర్డు పెట్టాడు. శనివారాలు ఆఫీసుల వాళ్ళు జట్లుగా వస్తారు. చీట్లు తీస్తారు. సగం మంది గార్డులు, సగం మంది ఖైదీలు. సాయంత్రం అయిదు లోపల ఖైదీలు తప్పించుకోవాలి, గార్డులు ఆపాలి. పాయింట్లుంటాయి. ఆట నిజంగా జైల్లా ఉండాలంటే గార్డుల పని తెలిసినవాళ్ళు రాసి పెట్టాలని ధనుంజయ్ అప్పలనరసమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాడు.

“నాటకానికి రూల్లేటిరా?” అంది ఆవిడ మొదట.

“అత్తా, నువ్వు రాస్తేనే జనానికి గురి. కాదనకు.”

ఇరవై రోజులు రాసింది. భోజనాలయ్యాక చాప పరుచుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కో వాక్యం పైకి అనుకుంటూ రాసేది. ఆవిడ అక్షరాలు గుండ్రంగా, బలంగా ఉంటాయి. ఒత్తులు అక్కడక్కడా తప్పు. అయితే ఏం? పద్ధతిలో తప్పు లేదు. తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళే బాధ్యులు. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు గార్డులూ ఎదురెదురుగా నిలబడి, తలలు లెక్కపెట్టి అప్పగించుకోవాలి. ఖైదీని పేరుతో పిలవాలి. ఆడవాళ్ళని ఆడ గార్డే వెతకాలి. ఖైదీల అన్నం పన్నెండున్నరకి, గార్డుల అన్నం ఆ తరవాత. ఎవరి మీదా చెయ్యి వెయ్యకూడదు. పదకొండోది రాసేటప్పుడు మాత్రం పైకి అనలేదు. ‘ఖైదీ ఒంట్లో బాగులేదు అంటే ఆ క్షణమే ఆట ఆపాలి. అది నిజమా నటనా అని తేల్చడం గార్డు పని కాదు.’

ఒప్పుకుంటాను, నాకు పొగరు ఉండేది. ఆట మొదలయ్యే ముందు గార్డు జట్టు నాయకుడు నన్ను రెండు చేతులా పట్టుకుని ఖైదీలందరి ముందూ చదవాలి. అదీ అప్పలనరసమ్మ పెట్టిన పద్ధతే. రూలు కాపలావాడికే కాదు, లోపల ఉన్నవాడికీ తెలియాలట. ఎంత చక్కటి మాట!

ఇక మనుషుల సంగతి చెబుతాను వినండి. పొద్దున్న పది గంటలకి ఖాకీ చొక్కా తొడిగిన మనిషి పదిన్నరకల్లా నడక మార్చేస్తాడు. ఆఫీసులో గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే గుమాస్తా చేతులు వెనక్కి కట్టుకుని ఊచల ముందు పచార్లు చేస్తాడు. చొక్కా ధనుంజయ్ తెచ్చిన అద్దె చొక్కా, విజిలు ప్లాస్టిక్కు, తాళం బొమ్మ తాళం. అయినా గొంతు మాత్రం నిజంగానే మారిపోతుంది. నాలుగు నెలల్లో ఇలా ఎంతమందిని చూశానో!

ఖైదీలు మాత్రం తక్కువ తిన్నారా? పదకొండో నిబంధన విన్నవాడల్లా కడుపు పట్టుకునేవాడు. ఆట ఆగేది, ఆ సందులో ఇంకొకడు గోడ దూకేవాడు. గార్డులు వచ్చి ధనుంజయ్ మీద గోల. వాడేం చేశాడో తెలుసా? ఒక కంప్యూటర్ కాగితం ముక్క మీద అచ్చు వేయించి, వెనక జిగురు పూసి, సరిగ్గా నా పదకొండో నిబంధన మీద అతికించాడు. ‘ఖైదీల నాటకాలకు మోసపోయిన గార్డుకు పది పాయింట్లు కోత.’ నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి నోట్లో మాట ఉండగానే అరచెయ్యి అడ్డం పెట్టినట్టు అయింది నా పని!

మరుసటి వారం అప్పలనరసమ్మ వచ్చి ఆ పేజీ తిప్పింది.

“ఇదేటిరా ధనుంజయా? నాను రాసిందాని మీద నీ కాయితమేటి?”

“పెతీవోడూ కడుపునొప్పి అని తప్పించీసుకుంటన్నాడత్తా. ఆట ఆటలాగుండాల గదా.”

“తప్పించుకుంటే తప్పించుకోనీ. నీ కొంప ములిగిపోద్దా? నిజింగా నొప్పొచ్చినోడి గతేటి?”

“సర్లే, తీసేస్తాన్లే.”

“నువ్వు తీసిందాకా నీ గుమ్మం తొక్కను,” అని చెప్పి వెళ్ళిపోయింది. తొక్కలేదు. వాడు తీయలేదు. నాకు ఆవిడ మీదా కోపమే. పట్టుదలకి పోయి ఇంట్లో కూర్చుంది గానీ, నన్ను చంకన పెట్టుకుపోయి ఉంటే ఏం పోయేది?

అలా ఉండగా ఒక శనివారం విత్తనాల కంపెనీ వాళ్ళు వచ్చారు. గార్డు జట్టు నాయకుడు ముదునూరి ప్రసాదవర్మ, ఆ కంపెనీలో సేల్సు మేనేజరు. ఖైదీల్లో బెవర హైమ అనే గుమాస్తా, సింహాద్రి అనే డ్రైవరు ఉన్నారు. హైమకి పదేళ్ళుగా చక్కెర జబ్బు. పొద్దున్నే ఇన్సులిన్ ఇంజక్షను వేసుకుని వచ్చింది, ఇంక వేళకి అన్నం పడకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. గ్లూకోజు పొట్లం ఉన్న ఆవిడ చేతిసంచి పద్ధతి ప్రకారం గార్డుల గదిలో పెట్టి తాళం వేశారు. వర్మ నన్ను ఎత్తిపట్టి నాటకంలో రాజులా చదివాడు. పదకొండో చోట అతికించినదే చదివాడు.

పన్నెండున్నర అయింది. ఖైదీలు పాటలు పాడుతూ అల్లరి చేస్తున్నారని వర్మ అన్నం ఆపించాడు. నా నాలుగో పేజీలో అన్నం శిక్షగా ఆపకూడదని రాసి ఉంది. ఎవరు చూశారు? ఒంటిగంటన్నరకి హైమ ఊచలు పట్టుకుని నిలబడింది.

“సార్, నాకు సుగరండి. కళ్ళు తిరుగుతున్నాయి. నా సంచి ఒక్కసారి ఇప్పించండి.”

“అబ్బో! హైమగారూ, మీలో ఇంత కళ ఉందని తెలీదండీ,” అన్నాడు వర్మ.

పక్క గార్డులు చప్పట్లు కొట్టారు. ఆవిడకి చెమటలు పట్టాయి. చప్పట్లు. చేతులు వణికాయి. ఇంకా చప్పట్లు. “నిజం సార్, మా పిల్ల మీద ఒట్టు,” అంది. మాట ముద్దగా వచ్చింది. తాగినట్టు భలే చేస్తున్నారే అని ఒకడు ఫోను తీసి వీడియో పట్టాడు. ఎంత నిజం చెబితే అంత బాగా నటించినట్టు! నేను అక్కడే, బల్ల మీద, ఆ పేజీ దగ్గరే తెరుచుకుని పడి ఉన్నాను. నా లోపల ఉన్న మాట పైకి వచ్చే దారి లేదు. పుస్తకంగా పుట్టినందుకు సిగ్గుపడింది ఆ ఒక్క రోజే.

హైమ పడిపోయింది. నుదురు సిమెంటు గచ్చుకి కొట్టుకుంది. సింహాద్రి ఇంక ఆగలేదు. ప్లైవుడ్డు తలుపుని ఒక్క తన్ను తన్ని, గార్డుల గదిలోకి దూరి, సంచి అందుకున్నాడు. విజిళ్ళు మోగిపోయాయి. నలుగురు వాణ్ణి ఒడిసి పట్టుకుని, గోడకి అదిమి, పారిపోతున్న ఖైదీ దొరికాడని కేరింతలు కొట్టారు.

“ఓరి మీ ఆటకి దండంరా బాబూ! నన్ను కట్టీసుకోండి. ఆ సంచిలో గ్లూకోజుంది, ఆయమ్మ నోట్లో పెట్టండి. సచ్చిపోద్ది!” అని అరిచాడు సింహాద్రి. నెత్తురు గచ్చు మీద పారుతుంటే చూసి, వాళ్ళ చేతులు అప్పుడు వదులయ్యాయి.

హైమ బతికింది. నుదుటికి ఆరు కుట్లు, అయిదు రోజులు ఆసుపత్రి. ఆవిడ అన్న స్టేషనులో కేసు పెట్టాడు. పోలీసులు వచ్చేలోగా ధనుంజయ్ ఏం చేశాడు? తడి గుడ్డ తెచ్చి ఆ కాగితాన్ని ఊడబీకాడు. తొందరలో కింద ఉన్న అసలు నిబంధన కూడా దానితోపాటే ఊడిపోయింది. పది తరవాత చిరుగు, ఆ తరవాత పన్నెండు. అంతే.

స్టేషనులో ఎస్సైగారి బల్ల మీద నన్ను పెట్టారు. “రాసింది ఆవిడేనండి. జబ్బు గురించి ఆవిడ ఏమీ రాయలేదు. గార్డులు పుస్తకం ప్రకారమే చేశారు,” అన్నాడు ధనుంజయ్, నీళ్ళు తాగినంత సులువుగా. “ఆవిడ నటిస్తోందనుకున్నాం సార్,” అన్నాడు వర్మ. హైమ తలకి కట్టుతో బెంచీ చివర కూర్చుని, ఎవరు ఏం మాట్లాడినా ఎస్సైగారి మొహం కేసే చూస్తోంది. తన మాట నమ్ముతున్నాడా లేదా అని ఆ మొహంలో వెతుక్కుంటోంది. ఆ చూపు నాకు తెలుసు, ఊచల వెనక నుంచి చూసిందే.

అప్పలనరసమ్మని పిలిపించారు. ఆవిడ చిరుగు మీద వేలు పెట్టి, అక్షరం పొల్లుపోకుండా పదకొండో నిబంధన చెప్పింది.

“మిగతావి అడిగితే తడుముకున్నారు. ఇదొక్కటే ఇంత బాగా ఎలా గుర్తుందమ్మా?” అన్నాడు ఎస్సైగారు అనుమానంగా.

ఆవిడ చిరుగు మీద నుంచి వేలు తీసేసింది.

“నూకాలని ఒక ఖైదీ, బాబూ. పాతికేళ్ళు నిండనేదు. గుండెల్లో నొప్పి అక్కా, అంది. అంతకుముందు రొండుసార్లు అలగే అని పని తప్పించుకుంది. సాల్లే నీ ఏసాలు అన్నాను. మద్దినేళ అన్నం పళ్ళెం తీసుకెళ్ళి సూస్తే పోయుంది. ఎవులూ నన్నడగనేదు. దాని మాట నాను ఇన్నానని ఎవులికీ తెల్దు. ఇప్పుడు మీకే సెప్తన్నాను.”

ధనుంజయ్ తల దించుకున్నాడు. వాడు అబద్ధం ఒప్పుకోవడానికి ఇంకెవరూ వాణ్ణి ఒక్క మాట అనవలసిన పని లేకపోయింది. “కాయితం నేనే అంటించాను సార్,” అన్నాడు. ఎస్సైగారు రాసుకున్నాడు.

నేను పొంగిపోయాను. చెప్పొద్దూ, గెలిచాననుకున్నాను. నా మీద జిగురు పూసినవాడు దొరికాడు, నా మాట నిలబడింది, ఇంక ఏం కావాలి?

అప్పుడు హైమ మొదటిసారి ఎస్సైగారి మీద నుంచి చూపు తిప్పింది.

“అప్పుడు మీ జైల్లో ఇలాంటి రూలు లేదాండి?” అని అడిగింది.

అప్పలనరసమ్మ ఆ పిల్ల నుదుటి కట్టు కేసి చూడలేకపోయింది.

“ఉందమ్మా,” అంది. “గోడ మీద ఇంతింత అచ్చరాల్తో రాసుంది. నాను దాని కిందే కూకునేదాన్ని.”

ఇప్పుడు నేను స్టేషను బీరువాలో, మెడకి సాక్ష్యం చీటీ కట్టించుకుని ఉన్నాను. ధనుంజయ్ మీద కోపం తగ్గలేదు, వర్మ మీద అసలే తగ్గలేదు. జిగురు ఒక్కటే నా శత్రువు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏ కాగితమూ అతికించని ఆ గోడ కింద కూర్చుని కూడా ఒక మంచి మనిషి నూకాలుని చావనిచ్చింది. మీరు ఇంతసేపూ నన్ను శ్రద్ధగా చదివారు. చదివినంత మాత్రాన మిమ్మల్ని నమ్మమంటే నమ్మను.