నాలుగు టైర్లు, నలుగురి గాలి

పోయినసారి కొండ మీది హోటలుకు తీసుకెళ్ళిన మా అక్క చేసిన మూడంతస్తుల పెళ్ళికేకు, అక్కడికి చేరేసరికి ఒక్క అంతస్తయింది. బండి నడిపింది నాన్న. జీవితమంతా బస్సు తోలిన మనిషి. టైరు గాలితో బిగిసి రాయిలా ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కంకర రోడ్డెక్కగానే బండి ఎగిరింది, బండిలో కేకు ఎగిరింది. ఆ తర్వాత అక్క ఇంకే పెళ్ళికేకూ ఒప్పుకోలేదు. బన్నులు చేసుకుంటూ, ఇదే హాయిగా ఉందని కనబడినవాళ్ళందరికీ అబద్ధం చెప్పుకుంటూ తిరిగింది.

ఇప్పుడు అదే హోటలు మళ్ళీ ఒక పెళ్ళికేకు అడిగింది. ఇది కూడా కూలితే పెద్ద కేకుల జోలికి ఈ జన్మలో పోనని అక్క ఓవెన్ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఒట్టు పెట్టాల్సింది ఓవెన్ మీద కాదు, బండి మీద.

అందుకే మా పికప్పు బండికి మట్టిలో, కంకరలో, తారులో ఎక్కడైనా నడిచే మందపాటి ట్రక్కు టైర్లు వేయించాను.

“తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్న గాలి అంకె పాత టైర్లది. వీటి గోడలు మందం, ఇంకాస్త గాలి కావాలి. మీ బరువుకి నలభై రెండు పెట్టాను. కంకర మీద కొంచెం తగ్గించి నెమ్మదిగా పోండి, మళ్ళీ తారెక్కే ముందు నింపుకోండి,” అంది టైరు షాపావిడ. సరిపోయిందో లేదో చూసుకోమని ఒక సుద్దముక్క కూడా ఇచ్చింది. టైరుకు అడ్డంగా గీత గీసి కాస్త దూరం తిన్నగా నడపాలట. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ, మొత్తం చెరిగితే సరి.

అంతా విని బుద్ధిగా ఇంటికొచ్చాను. అదే నేను చేసిన తప్పు. ఆ బండిని ఇంటికి తేకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున కేకు ఎక్కించే ముందు నాలుగు టైర్లకూ గీతలు గీసి, వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. దిగి చూస్తే ఒకదానికి గీత నడుమ మాత్రమే చెరిగింది. రెండింటికి అంచులు మాత్రమే చెరిగాయి. నాలుగోదానికి ఒక్కదానికే మొత్తం పోయింది. అది రాత్రంతా గోడకు ఆనుకుని ఉన్న టైరు, చెయ్యి దూరే సందు లేనిది!

“ఎవరు ముట్టుకున్నారు?” అని అరిచాను.

“నేను కాదు,” అన్నాడు నాన్న, కాలితో తొక్కే పంపును వెనక దాచుకుంటూ.

“నేనస్సలు కాదు మరదలా,” అన్నాడు బావ. లెక్కల మాస్టారు. తెల్ల చొక్కా మీద నల్లటి బొటనవేలి ముద్ర.

“నాకేం పని టైర్లతో?” అంది అక్క.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. నేను వంగి చూశాను. ఒక టైరు గాలి మూత మీద గులాబీ రంగు క్రీము ఉంది.

“అక్కా, ఇదేంటి?”

“మెత్తగా ఉంటే కేక్కి మంచిదని... కొంచెమే తీశానే!”

“నేను స్టిక్కరు మీద ఉన్నంతకే తెచ్చా. కంపెనీవాళ్ళు ఊరికే రాస్తారా?” అన్నాడు బావ.

“నేను మాత్రం ఇంత పెంచా, అంతే,” అని నాన్న వేళ్ళు చూపించబోయి, మా మొహాలు చూసి చెయ్యి దించేశాడు.

ముందు బావ నవ్వాడు. తర్వాత ఎవరు నవ్వారో చెప్పలేను. అక్క నవ్వుతూ గుమ్మంలో కూలబడింది. వేడెక్కితే గాలి కొలత తప్పుతుంది, టైర్లింకా చల్లగానే ఉన్నాయి కాబట్టి అక్కడికక్కడే అన్నీ నలభై రెండుకు తెచ్చి, కేకు ఎక్కించుకుని బయల్దేరాం.

కొండ కింద తారు అయిపోయి కంకర మొదలయ్యే చోట బండి ఆపాను. నేను దిగేలోపే నాన్న దిగి టైరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గాలి బుస్సున పోసాగింది.

“చాలా?” అన్నాడు.

“ఇంకొంచెం నాన్నా.”

“ఇంకానా! నా ప్రాణం పోతున్నట్టుందే!” అంటూనే తీశాడు. అన్ని టైర్లకూ ఆయనే తీశాడు. లేచి, మోకాళ్ళు దులుపుకుని, అక్క వైపు చూడకుండా అన్నాడు. “పోయినసారి కేకు పడింది నీ పనితనం లోపం కాదమ్మా. నా గాలి వల్ల.”

అక్క వెళ్ళి ఆయన చొక్కాకంటిన దుమ్ము దులిపింది, దులపాల్సిన దానికన్నా చాలాసేపు. నాకు ఏడుపొచ్చింది, కానీ స్టీరింగు పట్టుకున్నవాళ్ళు ఏడవకూడదు.

బండి ఆ కంకర మీద ఊయలలా వెళ్ళింది. హోటల్లో మూడంతస్తులూ మూడుగానే దిగాయి. క్రీము పువ్వు ఒక్కటీ రాలలేదు. మేనేజరమ్మ కేకు చుట్టూ తిరిగి, వచ్చే పెళ్ళికి నాలుగంతస్తులు చేయగలవా అని అడిగింది. అక్క మా ఎవరి వైపూ చూడలేదు.

“చేస్తా,” అంది.

తిరుగుదారిలో కంకర అయిపోయిన చోట నాన్న ఈల వేస్తూ పంపు తొక్కుతున్నాడు. తొక్కడం ఆపి, “అయితే నాలుగంతస్తులకి గాలి ఎంత పెట్టాలంటారు?” అన్నాడు.

అక్కా, బావా, అడిగిన నాన్నా ముగ్గురూ ఒకేసారి మూడు అంకెలు చెప్పారు. నేను జేబులోంచి సుద్దముక్క తీశాను.