గోడమీదికి రాని సర్జా

బీదరులో బోర్డులు రాసే రాచయ్యకు ముప్పయ్యారేళ్ళ అనుభవం. కిరాణా దుకాణం మీద కన్నడం, దర్జీ దుకాణం మీద ఉర్దూ, మందుల దుకాణం మీద రెండూ రాసేవాడు. అక్షరాలతో ఆగలేదు, బొమ్మలూ వేసేవాడు. పాల డెయిరీ గోడమీద ఆవు, హోటలు గోడమీద దోసె, బడి గోడమీద పులి, జింక, రైలుబండి. ఏ బొమ్మ అడిగినా ఆయన దగ్గర నమూనా ఉండేది. పాత క్యాలెండర్లు, అగ్గిపెట్టెల మీది కాగితాలు, నోటు పుస్తకాల అట్టలు కత్తిరించి ఒక రేకు డబ్బాలో దాచి పెట్టుకున్నాడు.

ఆయన పని చేసే పద్ధతి ఇదీ. ముందు నమూనా మీద పెన్సిలుతో చదరాలు గీస్తాడు. తర్వాత గోడమీద నీలిమందు అద్దిన దారం పట్టి, లాగి కొట్టి, పెద్ద చదరాలు వేస్తాడు. ఇక ఒక్కో చదరంలో ఏ గీత ఎక్కడుందో చూసి గోడమీదికి ఎక్కించడమే. పులి రావలసిందే. తప్పించుకునే దారి దానికి లేదు.

ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది. అయినా రాచయ్య చేతికి ఎవరూ వంక పెట్టలేదు. దగ్గర్లోని కమఠాణ ఊరి పీరప్ప పిలిచేదాకా.

పీరప్పకు ఒక ఎద్దు ఉంది. పేరు సర్జా. తెల్లటి ఒళ్ళు, మొహం మీద, పక్కల మీద నల్లటి మచ్చలు, వేలాడే చెవులు. దాని జత రాజా పోయిన ఏడు పాము కరిచి చచ్చిపోయింది. ఒంటెద్దుతో దున్నడం కుదరదు. అటు మన్నాఏఖేళ్ళి ఊరి రైతు ఒకాయనకు ఎడమవైపు కట్టే ఎద్దు పోయి, కుడివైపుది ఒంటరిగా మిగిలింది. సర్జా పన్నెండేళ్ళుగా కాడికి ఎడమవైపు నడిచిన ఎద్దు, అంటే దాపటెద్దు. బేరం కుదిరింది. ఆదివారం పొద్దున టెంపో వస్తుంది.

"ఎద్దు పోతే పోయె, దాని బొమ్మన్న నా వాకిట్ల ఉండాలె రాచన్నా," అన్నాడు పీరప్ప సోమవారం నాడు. "కొట్టం గోడకు సున్నమేసి ఉంచిన. నా సర్జా నా కంటికి కనబడాలె. గంతే."

"గంతేనా! ఎద్దులు ఎన్నెయ్యలే నేను," అన్నాడు రాచయ్య నవ్వుతూ.

రేకు డబ్బాలో ఎద్దు నమూనాలు మూడున్నాయి గాని, వాటిలో ఏదీ మచ్చల ఎద్దు కాదు. అందుకని పీరప్ప కొడుకు శివు కొట్టంలోకి పోయి ఫోనుతో ఫొటో తీశాడు. దాన్ని బీదరులో జిరాక్స్ దుకాణంలో పెద్దగా తీయించుకుని రాచయ్య చదరాలు గీశాడు. మంగళవారం గోడమీదికి ఎక్కించడం మొదలుపెట్టి బుధవారం మధ్యాహ్నానికల్లా రంగులు నింపాడు. కుంచె కడుక్కుని, బీడీ ముట్టించి, పీరప్పను పిలిచాడు.

పీరప్ప వచ్చి చూశాడు. నెత్తి మీది రుమాలు తీసి మొహం తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఆయన భార్య గుండమ్మ చేటలో జొన్నలు అట్లాగే పట్టుకుని వచ్చి గట్టిగా అనేసింది. "ఏంది అన్నా గిది? తల దున్నపోతు లెక్క ఉన్నది, ఎనక మేక లెక్క ఉన్నది. మా సర్జాకు గింత తలకాయ ఎప్పుడు మొలిచింది?"

రాచయ్య బీడీ పారేసి వెనక్కి జరిగి చూశాడు. నిజమే. కొమ్ముల దగ్గర నుంచి తోక దాకా వస్తుంటే ఎద్దు చిక్కిపోతూ వచ్చింది. ఫొటో తెచ్చి పక్కన పెట్టి చూశాడు. చదరానికి చదరం బరాబర్ ఉంది. ఎక్కడా వెంట్రుక వాసి తేడా లేదు.

"ఫొటోల ఉన్నట్టే ఏసిన గద!"

"కొట్టంల జాగ లేదు మామా, మొహం కాడికే పోయి తీసిన," అన్నాడు శివు. "దగ్గర్నుంచి తీస్తే ఫోన్ల గట్లనే వస్తది. ముంగటిది పెద్దగ, ఎనకది చిన్నగ. నీకు తెల్వదా?"

"నాకెట్ల తెలుస్తది? నువ్వు చెప్పాలె గద!"

"నీ ముంగట్నే ఎద్దు నిలబడ్డది. కండ్లతోటి చూస్తె తెల్వదా?"

ఆ మాట రాచయ్యకు ముల్లులా దిగింది. రెండు రోజులుగా సర్జా ఆయనకు పది అడుగుల దూరంలోనే కట్టేసి ఉంది. ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. ఆయన చూసిందంతా కాగితంలోని చదరాలే.

"బయట నిలబెట్టి మంచిగ ఇంకో ఫొటో తీస్త, ఫ్లెక్సీ కొట్టిద్దాం," అన్నాడు శివు. "రెండు గంటల పని. ఎందుకీ పరేషానీ?"

"ఎండకు ఏడాదిల తెల్లబడుతది ఫ్లెక్సీ," అన్నాడు పీరప్ప నెమ్మదిగా. "రాచన్న ఏస్తడు. ఆదివారం దాక టైమున్నది గద."

రాచయ్య అప్పుడే సున్నం బకెట్టు తెచ్చి ఆ పెద్ద తల ఎద్దును తుడిచేశాడు. రెండు పూతలు వేసినా నల్లమచ్చలు లోపలి నుంచి బూడిద రంగులో కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం బీదరులో పుస్తకాల దుకాణానికి పోయి గీతలు లేని డ్రాయింగు పుస్తకం అడిగాడు.

"ఎన్నో క్లాసు పిల్లగానికి?" అన్నాడు దుకాణదారు.

"యాభై తొమ్మిదో క్లాసు. నాకే," అన్నాడు రాచయ్య.

గురువారం పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి సర్జా ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. చదరాలు లేవు. స్కేలు లేదు. ఎద్దు, ఆయన. అంతే. కొమ్ముల దగ్గర మొదలుపెట్టాడు. కొమ్ములు బాగానే వచ్చాయి. మూపురం దాకా వచ్చేసరికి పేజీ అయిపోయింది, ఎద్దు మిగిలిపోయింది. రెండో పేజీలో చిన్నగా మొదలుపెడితే ఎలుక అంత వచ్చింది. మూడో పేజీలో సగం గీసేసరికి సర్జా కాలు మార్చి నిలబడింది.

"కదలకు రా," అని బతిమాలాడు. సర్జా చెవి ఊపి ఈగను తోలుకుంది.

అలవాటైన చేయి ఊరుకోదు. మధ్యాహ్నం రెండు వెదురు బద్దలకు అడ్డంగా, నిలువుగా దారాలు కట్టి, ఎద్దు ముందు నిలబెట్టాడు. దారాల సందుల్లోంచి చూస్తే ఎద్దు చదరాలు చదరాలుగా కనిపించింది. రాచయ్య ప్రాణం లేచి వచ్చింది. పీట సర్దుకుని పెన్సిలు చెక్కుకుని తల ఎత్తేసరికి, సర్జా నాలుక చాపి పై వరస దారాలు నోట్లోకి లాక్కుని నములుతోంది.

గుండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆకలైందేమో అన్నా. నీ చదరాలు మస్తు రుచి ఉన్నట్టున్నయి."

"నవ్వు, నవ్వు," అన్నాడు రాచయ్య. "నీ ఎద్దుకు బొమ్మ మీద యావ లేదు, మేత మీదనే ఉన్నది."

ఇంటికి పోయాక ఆయన భార్య నాగలక్ష్మి ఆ పుస్తకం తిరగేసింది.

"గిది మంచమా?"

"ఎద్దు."

"నాలుగు కాళ్ళున్నయి గద, మంచమనుకున్న."

రాచయ్య పుస్తకం లాక్కుని అన్నం తినకుండా లేచిపోయాడు. కోపం ఆమె మీద కాదు. ముప్పయ్యారేళ్ళు. ఎన్ని పులులు, ఎన్ని జింకలు, ఎన్ని ఆవులు! అన్నీ ఎవరో ఎక్కడో చూసి గీసినవి. ఆ ఎవరో ఒక్కరోజైనా ఒక ఆవు ముందు కూర్చుని ఉంటాడు. తాను ఆయన కాగితం ముందు కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ చేయి తనదే అయినా కళ్ళు మాత్రం ఇంకెవరివో.

శుక్రవారం ఇరవై పేజీలు పాడుచేశాడు. చెవి ఒకటి కుదిరింది. గంగడోలు కుదరలేదు. చెవి, కొమ్ము, మచ్చ వేరువేరుగా చూస్తే అన్నీ సర్జావే. కలిపితే ఏ సంత ఎద్దో అవుతోంది. పీరప్ప వచ్చి పేజీలు తిప్పి, "ఎద్దే," అన్నాడు. "ఎద్దయితే ఉన్నది. సర్జా లేడు."

"ఏం తక్కువున్నదో చెప్పు మరి!"

"నాకు చెప్పొస్తె నేనే గీస్తుంటి గద!"

శనివారం పొద్దున ఒక పేజీ గీసి, చూసి, చింపి, ఉండచుట్టి పేడ గంపలోకి విసిరాడు. పెన్సిలు కూడా విసిరాడు. "శివును పిలువు. ఫ్లెక్సీ కొట్టించుకోండ్రి. నా తోటి కాదు," అని సామాను సర్దడం మొదలుపెట్టాడు.

పీరప్ప సర్జా పలుపు విప్పుతున్నాడు. "వాడు కొట్టిస్తడులే. నీళ్ళు తాపుకొస్తా, నువ్వు గూడ రా. ఆఖరుసారి తోలుకపోతున్న. జర కాలు సాగుతది నీకు గూడ."

బోరు దగ్గరికి బండి బాట ఉంది. ఎర్రమట్టిలో రెండు చక్రాల చాళ్ళు, మధ్యలో గడ్డి. సర్జా ముందు పోతోంది, వెనక పీరప్ప, ఆయన వెనక మొహం ముడుచుకుని రాచయ్య. చంకలో పుస్తకం ఉన్న సంగతి ఆయనకే గుర్తు లేదు.

కొంతదూరం పోయాక రాచయ్యకు ఒకటి కనిపించింది. బాటంతా ఖాళీగా ఉంది. మధ్యలో గడ్డి కూడా ఉంది. అయినా సర్జా ఎడమ చాలులోనే నడుస్తోంది. కుడిపక్క ఇంకో ఎద్దు పట్టేంత జాగా వదిలి, తల కొంచెం ఆ పక్కకే వంచి నడుస్తోంది.

"గట్ల ఒక్క దిక్కుకే పోతాందేంది?"

"వాడంతే," అన్నాడు పీరప్ప. "రాజా పోయి ఏడాదాయె. కొట్టంల గూడ సగం గాడిల్నే తింటడు. మిగిలిన సగం ముట్టడు."

రాచయ్య ఆగిపోయాడు. మూడు రోజులుగా తాను ఎద్దును పక్కనుంచి చూస్తున్నాడు. క్యాలెండర్లలో ఎద్దులన్నీ పక్కకే నిలబడతాయి గనక. పైగా బోర్డు మీద ఏదైనా నడిమధ్యలో ఉండాలని గోడ కొలిచి మధ్యలోనే పెట్టాడు. మరి పీరప్ప? పన్నెండేళ్ళు నాగలి పట్టుకుని ఈ మనిషి ఎద్దును ఎక్కడినుంచి చూశాడు? వెనకనుంచి. ఎడమ సగంలో సర్జా, కుడి సగంలో రాజా.

"పెన్సిల్! పెన్సిలేది?"

"పేడల పారేసినవ్ గద!"

బాట పక్కన ఎవరో వంట చేసుకున్న రాళ్ళ మధ్య బొగ్గు ముక్క దొరికింది. రాచయ్య నిలబడే గీశాడు. వెన్ను గీత ఒకటి, పిర్రల మీద ఎముకలు రెండు, వేలాడే చెవులు, కుడికి వంగిన మెడ, ఎద్దుల పండుగ కార హున్నిమకు పూసిన ఎరుపు ఇంకా పూర్తిగా పోని కొమ్ము కొస. సర్జా ఆగలేదు. ఆయనే ఎద్దు వెంట పరుగెత్తుతూ గీశాడు. పీరప్ప పుస్తకంలోకి తొంగి చూసి నాలుక మడిచి, ఎద్దును తోలేటప్పటిలా "హో" అన్నాడు. కాగితంతోనో ఎద్దుతోనో తెలియలేదు. సర్జా మాత్రం అడుగు పెంచింది.

మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా గోడమీద పని చేశాడు. దారం కొట్టలేదు. మబ్బు పట్టింది, గాలి లేచింది, రంగు డబ్బాలో దుమ్ము పడింది. వెన్ను వచ్చింది. మెడ వచ్చింది. వెనక కుడికాలు మాత్రం రాలేదు. గుడ్డతో తుడిచి మళ్ళీ వేశాడు. తుడిచి మళ్ళీ వేశాడు. మూడోసారి కూడా ఆ కాలు విరిగినట్టే ఉంది. నమూనా ఉంటే ఇట్లా అయ్యేది కాదని పళ్ళు నూరుకున్నాడు. కనిపించనంత చీకటి పడ్డాక కుంచె దించాడు. ఆ రాత్రికి పీరప్ప ఇంట్లోనే పడుకున్నాడు.

ఆదివారం పొద్దున అందరికంటే ముందు గుండమ్మ చూసింది.

"అయ్యో, అన్నా! ముడ్డి గీసినవేంది? ఇంటికొచ్చినోళ్ళకు ఎద్దు ముడ్డి చూపియ్యాల్నా?"

శివు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గోడ సగం ఖాళీ ఇడిచిపెట్టిండు చూడే అమ్మా. రంగు సరిపోలేదా మామా?"

రాచయ్య పీరప్ప వైపే చూస్తున్నాడు. పీరప్ప గోడకు దగ్గరగా రాలేదు. వెనక్కి, వెనక్కి జరుగుతూ పోయి, నాగలి మేడి ఉండవలసిన దూరంలో ఆగాడు. అక్కడ నిలబడి, కుడిపక్క ఖాళీ సున్నాన్ని కూడా చాలాసేపు చూశాడు.

"కాలు ఖరాబైంది రాచన్నా," అన్నాడు చివరికి.

"నాకు తెల్వదా!"

"ఖరాబైంది." పీరప్ప మేడి పట్టేటట్టు చేయి చాచాడు. "గాని నోట్లకు హో అని వస్తాంది."

గుండమ్మ భర్త మొహం చూసి మరి నవ్వలేదు. చేట కింద పెట్టి, తానూ పోయి ఆయన పక్కన నిలబడి అక్కడినుంచి చూసింది.

టెంపో వచ్చింది. సర్జాను ఎక్కించారు. డ్రైవరు బండి వెనక నిలబడి అరిచాడు. "జర నడుమకు జరుపుండ్రి! బండి ఒక దిక్కు ఒరుగుతాంది."

"వాడు జరగడు," అన్నాడు పీరప్ప. "ఆడ జతోడు దొరికినంక చూడు, బరాబర్ నిలబడతడు."

బండి మలుపు తిరిగాక రాచయ్య కుంచెల సంచి భుజానికి తగిలించుకున్నాడు. "మంగళారం వస్త. ఆ కాలు సరిచేస్త."

"ఏం చూసి సరిచేస్తవ్? సర్జా పాయె గద."

రేకు డబ్బాలో అలాంటి కాలు లేదు. ఏ క్యాలెండరులోనూ లేదు. ఇన్ని రోజులు కళ్ళముందే నిలబడ్డ కాలు, సరిగ్గా చూసుకోకుండానే టెంపో ఎక్కి వెళ్ళిపోయింది. ఊరు దాటేదాకా తనను తాను తిట్టుకుంటూనే నడిచాడు.

బస్సు ఆగే చోట ఒక బర్రె నిలబడి నెమరు వేస్తోంది. రాచయ్య దాని వెనక్కి పోయి నిలబడ్డాడు. వెనక కుడికాలు. మడమ దగ్గర ఎముక తాను వేసినట్టు ముందుకు కాదు, వెనక్కి పొడుచుకుని వచ్చింది. ఇదా సంగతి! పుస్తకంలో ఇంకా ఐదారు పేజీలున్నాయి. జేబులోంచి బొగ్గు ముక్క తీశాడు. తొడ గీసి, మోకాలు దాకా వచ్చాడు.

బీదరు బస్సు వచ్చి హారన్ కొట్టింది. "వస్తవా పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.

"ఆగు, ఆగు. మడమ ఒక్కటే ఉన్నది."

బస్సు ఆగలేదు. అదే సమయానికి బర్రె కాలు మార్చి నిలబడింది.

"నీ యవ్వ," అని రాచయ్య పేజీ తిప్పాడు.