మీ దయ, మంచిగున్న దొరా

పొద్దున తొమ్మిదింటికి కూర్చుని పదకొండు కొట్టేలోపు మోఘే డాక్టరు నలభై ముగ్గురిని పరీక్ష చేసి, నలభై మూడు కార్డుల మీదా 'ఫిట్' ముద్ర కొట్టేశాడు. మనిషికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. జొన్నరొట్టె చేసే ఆడది ఒక్క రొట్టెకు అంతకన్నా ఎక్కువ సేపు తీసుకుంటుంది. పక్కన నిలబడి ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్న నర్సు సువార్తకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు చంద్రపూర్ అంటున్నాం గానీ అప్పటికది చాందాయే. జిల్లాను మధ్యప్రదేశ్ నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపి ఏడాదిన్నర. రాజ్యం మారితే బోర్డులు మారతాయి, కాగితాలు మారతాయి, సరే. బాబుపేట్ అవతలి బొగ్గుగని కంపెనీ మాత్రం ఇదే అదనుగా కూలీల పాత ఆరోగ్యపు కార్డులన్నీ పారేసి, కొత్తవి అచ్చు వేయించింది. ఏళ్ల తరబడి రాసుకున్న దగ్గులూ నొప్పులూ వాటితోనే పోయాయి. కొత్త కార్డు మీద ముద్ర పడిన వాళ్లే బాయి, అంటే గని, దిగాలి. ఆ ముద్ర కొట్టడానికే నాగపూర్ నుంచి మోఘే డాక్టరు వచ్చాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. అదే సువార్త కోపాన్ని ఇంకా పెంచేది. వచ్చిన వారంలోనే గుమాస్తాను పట్టుకుని కూలీల భాష తెలుగులో ఒక మాట నేర్చుకున్నాడు. ప్రతి కూలీనీ నవ్వుతూ, "బాగున్నావా?" అని అడుగుతాడు. కూలీ చేతులు కట్టుకుని, "మీ దయ, మంచిగున్న దొరా" అంటాడు. స్టెతస్కోపు రొమ్ముకు ఒకసారి తగులుతుంది, ముద్ర పడుతుంది.

సువార్త ఆ గని కూలీల ఇళ్ల లైన్లలోనే పుట్టింది. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి మళ్లీ అక్కడికే వచ్చింది. పెద్దమనిషి నోరు తెరిచి బాగున్నావా అంటే, బాగలేననడం ఆయన దయ చాలలేదని మొహం మీద అనడమే. ఊపిరి పోతున్నవాడు కూడా ఆ మాట అనడు. ఇదంతా డాక్టరుకు హిందీలో విప్పి చెప్పింది.

"వాళ్ల భాషలోనే అడుగుతున్నాను కదా సిస్టర్, ఇంకేం కావాలి?" అన్నాడాయన, కాస్త నొచ్చుకుని.

ఆ వరసలో సువార్త తండ్రి పేతురూ ఉన్నాడు. తెల్లటి ధోతి, తలకు నూనె. కూతురి వైపు చూసి చిన్నగా నవ్వి, అందరూ చెప్పిందే చెప్పి, కార్డు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పన్నెండున్నరకు కూలీ శంకరయ్య భార్య లస్మవ్వ ఉరుక్కుంటూ వచ్చింది.

"సిస్టరమ్మా, మా ఆయనకు ముద్ర గొట్టిండ్రట! రెండు గంటలకు బాయి దిగుతడట. గాయన మూడు నెల్లసంది పక్క మీద పండుకుంటలేడు. పండుకుంటే ఊపిరాడ్తలేదని గోడకు ఆనుకొని కూసునే తెల్లారగడ్తుండు. దిగితే మళ్ల పైకొస్తడా?"

సువార్త వెళ్లేసరికి శంకరయ్య, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే దీపాల గది ముందు సద్దన్నం మూట విప్పుకుంటున్నాడు. రెక్క పట్టుకుని లేపింది.

"నోట్ల నాలుక లేదా మామా నీకు? దొర ముంగట గట్టిగ నిలబడి మంచిగున్న అంటివి. దగ్గు గూడ రాలే నీకు!"

"గట్లెట్ల దగ్గుత బిడ్డా, దొర ముంగట?" శంకరయ్య బుగ్గలోంచి లవంగం తీసి చూపించాడు. "అందరం గిదే పెట్టుకొని పోయినం."

ఆమెకు ఏడుపొచ్చింది, దాని వెంటే ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టి, బుగ్గన లవంగం పెట్టుకుని, మర్యాదగా చావుకు ముద్ర వేయించుకుని వచ్చారు వీళ్లు.

డాక్టరు టిఫిన్ క్యారియర్ తెరిచి కూర్చున్నాడు. సువార్త గుమ్మం దగ్గర ఆగలేదు, శంకరయ్యను తీసుకుని నేరుగా లోపలికి వెళ్లింది.

"భోజనం చేస్తున్నాను సిస్టర్."

"చేయండి. ఈయన రెండింటికి దిగుతున్నాడు. చేస్తూనే వినండి."

శంకరయ్యను స్టూలు మీద కూర్చోబెట్టింది. దొర ముందు కూర్చోవడం అతని వల్ల కాలేదు, రెండుసార్లు లేచాడు. మూడోసారి భుజం నొక్కి కూర్చోబెట్టి, తానూ అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎట్లున్నవని అడగలేదు.

"మామా, రాత్రి ఎట్ల పండుకున్నవ్?"

"గోడకు ఆనుకొని."

"ఇంటికాడికెల్లి దీపాల గది దాక వచ్చెటప్పుడు ఎన్ని తడవలు ఆగినవ్?"

శంకరయ్య వేళ్లు మడిచాడు. "నాలుగు. లేదు, ఐదు."

"పోయిన దసరాకు?"

"అప్పుడెందుకు ఆగుత? ఉరికొచ్చెటోణ్ణి."

ఒక్కో జవాబూ హిందీలో డాక్టరు మొహాన కొట్టినట్టే చెప్పింది. తర్వాత శంకరయ్య ధోతి కొంచెం జరిపి, కాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. గుంట పడింది. ఎంత చూసినా పూడలేదు.

డాక్టరు ముద్ద పళ్లెంలో వదిలేసి లేచాడు. చేయి కడుక్కుని, శంకరయ్యను బల్ల మీద పడుకోబెట్టాడు. పడుకోబెట్టగానే ఆ మనిషి నీళ్లలో మునిగినవాడిలా గాలికి కొట్టుకున్నాడు. వెంటనే లేపి కూర్చోబెట్టి, చాలాసేపు వీపు మీదా రొమ్ము మీదా విన్నాడు. ఆయన మొహం నల్లబడింది. ముద్ర మీద అడ్డంగా గీత కొట్టి, గుండె జబ్బు, వెంటనే ఆసుపత్రికి అని రాశాడు.

"పొద్దున నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

సువార్త ఆ మాటే తెలుగులో అడిగితే శంకరయ్య తల దించుకున్నాడు. "అంత పెద్దాయన, మా మాటల అడిగిండు. బాగలేనని ఎట్లనాలె?"

సువార్త ఆ జవాబూ హిందీలో చెప్పింది. డాక్టరు, "మీరడిగిన ప్రశ్నలు రాసివ్వండి సిస్టర్. రేపటి నుంచి అలాగే అడుగుదాం" అన్నాడు.

"రేపటి నుంచా?" సువార్త రిజిస్టరు తీసి బల్ల మీద పడేసింది. పప్పు గిన్నె ఒలికింది. "పొద్దున ముద్ర కొట్టినవాళ్లలో పద్దెనిమిది మంది ఇప్పుడు దిగుతున్నారు. వాళ్లు రేపటి దాకా ఆగుతారా?"

డాక్టరు స్టెతస్కోపు మెడలో వేసుకుని ఆమె వెంట బయలుదేరాడు.

దీపాల గది ముందు వరస కట్టి ఉంది. కూలీల మేస్త్రీ, ముకద్దం అనంతరావు షిఫ్టు ఆలస్యమవుతుందని అరిచాడు. డాక్టరే అతన్ని పక్కకు జరగమన్నాడు. సువార్త అడగడం మొదలుపెట్టింది. రాత్రి ఎట్ల పండుకున్నవ్, ఎన్ని తడవలు ఆగినవ్, కాలు చూపియ్యి. ఏడుగురిలో ఇద్దరిని ఆపేశారు.

ఎనిమిదో మనిషి పేతురు.

పొద్దున ఇంట్లో నర్సు టోపీకి పిన్ను పెట్టుకుంటూ, "మంచిగున్నవా బాపూ?" అని తానే అడిగింది. "మంచిగున్న బిడ్డా" అన్నాడు. సరే అని తలుపు వేసుకుని వచ్చి, ఆ ప్రశ్న మీదే డాక్టరుతో గొడవ పెట్టుకుంది. హోళీ నుంచి తండ్రి మంచం వాకిట్లోకి మారింది. ఎండాకాలం కదా అనుకుంది.

"బాపూ, రాత్రి ఎట్ల పండుకున్నవ్?"

పేతురు కూతురి తెల్ల బట్టలు చూశాడు, పక్కనున్న డాక్టరును చూశాడు. కన్నకూతురి ముందు చేతులు కట్టుకున్నాడు.

"మంచిగనే పండుకున్న సిస్టరమ్మా."

లవంగం వాసన ఆమె మొహానికి కొట్టింది.

"ఉమ్మెయ్!" వరసంతా ఉలిక్కిపడేలా అరిచింది సువార్త. "ఉమ్మెయ్ బాపూ! ఇంట్ల గూడ నేన్నీకు దొరనేనా?"

పేతురు అరచేతిలోకి ఉమ్మాడు. పొద్దుటి నుంచి ఆపుకున్న దగ్గు ఒక్కసారిగా తన్నుకొచ్చి, మనిషిని మోకాళ్ల మీద కూలేసింది. సువార్త అతని వెనకాల కూర్చుని, వీపును తన రొమ్ముకు ఆనించుకుంది.

"లోపల పండుకుంటే దగ్గుకు నీ నిద్ర చెడుతదని," అన్నాడు ఊపిరి అందాక, "బయటికొచ్చి కూసుంటున్న బిడ్డా."