కాగితం మీద అక్క

అక్క చనిపోయిన నెల రోజులకు, ఆమె వెబ్‌సైటును కాగితం మీదికి దించడానికి కూర్చుంది చెల్లెలు. అడిగింది అమ్మ.

"ఫోన్లో చూస్తుంటే వేలు తగిలి ఎటో పోతుందే. కాగితమైతే నా చేతిలోంచి ఎక్కడికీ పోదు."

చెల్లెలి ఉద్యోగమే అది. ఫోన్లో ఒకలా, కంప్యూటర్లో ఇంకోలా సర్దుకునే పేజీలు కడుతుంది. ఈ నెలంతా ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలీ తెలియలేదు. "రాయిలా ఉందేమిటీ పిల్ల" అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. కన్నతల్లే ఏమీ అనలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో మరి!

అక్క రాసిందంతా బాల్కనీలో విరిగిన బకెట్లలో పెంచిన మొక్కల గురించి. ఉన్నదున్నట్టు ప్రింటు కొడితే మెనూలూ, "షేర్ చేయండి" బటన్లూ కూడా వచ్చేస్తాయి, పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు. నొక్కినా పలకని బటన్ కాగితానికెందుకు? అందుకని ప్రింటులో ఏది కనబడాలో, ఏది దాగాలో చెప్పే వేరే నియమాలు రాసింది. పక్కపక్కనున్న గళ్లను ఒకదాని కింద ఒకటి పేర్చింది. ఫోటో ఒక పేజీలో, దాని వివరం ఇంకో పేజీలో పడకుండా చూసింది. అమ్మ కళ్లకు ఆనేలా అక్షరాలు పెంచింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనిషి మాత్రం అక్కడ లేదు.

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ప్రింటు తీసిచ్చిన కాగితాల కట్టంతా చివరిదాకా తిప్పింది. మళ్లీ మొదటికొచ్చింది.

"మరి మేం మాట్లాడుకున్నవి ఏవే?"

"ఏం మాటలమ్మా?"

"కింద ఉండేవిగా! నేను అడిగేదాన్ని, అది చెప్పేది."

కామెంట్లు! ఏ సైటుకైనా ప్రింటులో కామెంట్లు దాచేయడం ఆమెకు అలవాటు. ఇక్కడా చదవకుండానే దాచేసింది. అసలు అక్క బతికుండగా కూడా ఆమె ఏ పేజీలోనూ అంత కిందికి వెళ్లలేదు. అది తలచుకుంటే సిగ్గేసింది.

ఆ ఒక్క నియమం తీసేసి మళ్లీ ప్రింటు కొట్టింది. ప్రతి మొక్క కిందా అమ్మది ఒకటే మాట: "తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఇంకా లేదు. నీళ్లు పోసొచ్చి తింటా."

"ఇది మొక్కల పేజీ అమ్మా, అందరూ నవ్వుతారు! తిన్నాలే."

చివరి పేజీలోనూ "తిన్నావా?" అని ఉంది. తేదీ పోయిన వారానిది. దాని కింద జవాబు లేదు.

"ఊరికే రాశాలే," అంది అమ్మ, ఆ కాగితం మీద చెయ్యి పెట్టి. తలెత్తి చెల్లెలి మొహంలోకి చూసింది.

"నువ్వు తిన్నావా?"

"లేదమ్మా," అంది చెల్లెలు. అక్క పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ కాగితాలు తడవకుండా పక్కకు జరిపి, కూతుర్ని దగ్గరికి తీసుకుంది.