ఎదురుమర చెంబు

ముందే చెబుతున్నాను, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే మన్నించండి. ఏభై దాటాక పలక పట్టినదాన్ని. ఒక్కో మాట రాయడానికి తడి కట్టెలతో పొయ్యి రాజేసినంత సేపు పడుతుంది. ఈ కథ మా గూట్లో ఉన్న చెంబుది. దానికి చెయ్యి లేదు కనక దాని మాటలు నేను రాస్తున్నాను.

నేను ఒక ఇత్తడి మరచెంబును. నన్ను చేసిన కంచరి ఎడమచేతి వాటం మనిషి. లోకంలో మూతలన్నీ ఎడమకు తిప్పితే ఊడతాయి. ఆయన మాత్రం తన చేతికి వాటంగా ఉన్నవైపే నాకు మర కోశాడు. అందుకని నేను కుడికి తిప్పితేనే ఊడతాను, ఎడమకు తిప్పితే ఇంకా బిగుసుకుంటాను. వంకర పుట్టుక అని చాలాకాలం అంగట్లో మూలన పడేశారు. చివరికి ఒక పెద్దావిడ, "రైల్లో పక్కవాడు నా నీళ్ళు తాగకుండా ఉంటాడు" అని నన్నే ఏరి కొనుక్కుంది. మనుషులింతే. ఒకరు తప్పని పారేసింది ఇంకొకరికి తాళంగా పనికొస్తుంది.

ఆవిడ కొడుకు పానకాలు గారు మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కు. ఆవిడ పోయాక నేను ఆయన బల్ల మీదికి చేరాను. ఏ ఊరి కోర్టో చెప్పను. వకీళ్ళకు నోటీసులివ్వడమంటే సరదా.

పానకాలు గారికి ఇంకో పని కూడా అప్పగించారు. బెయిలు మీద బయట ఉన్నవాళ్ళు ప్రతి సోమవారం వచ్చి ఆయనకు కనబడి పోవాలి. వాళ్ళ మీద ఆయన కన్నేసి ఉంచాలి. ఆయన కన్నేసే పద్ధతి వేరు. "గేదె ఈనిందా? పిల్లకు జ్వరం తగ్గిందా? మీ ఊరి బస్సుకు టైరు మార్చారా?" అని అడిగేవారు. ఇంటి దగ్గర పాడిగేదె ఉన్నవాడు పారిపోడని ఆయన నమ్మకం.

"పారిపోయినవాడు వేరు, బస్సు తప్పినవాడు వేరు. కాగితంలో ఇద్దరూ గైర్హాజరే. ఆ తేడా చూడ్డానికేనయ్యా నాకు జీతం" అనేవారు, పేర్లు పిలిచే డఫేదారు బుడాన్‌తో.

కోర్టులో పేరు మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకూ పలక్కపోతే వారంటు. పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎంతసేపు ఆగాలో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆ సందులోనే నా ఉద్యోగం. రెండో పిలుపయ్యాక కూడా మనిషి రాకపోతే పానకాలు గారికి దగ్గొచ్చేది. నన్ను అందుకుని, తెలిసి తెలిసి ఎడమకు తిప్పేవారు. మొహం ఎర్రబడేది. గొంతు తడుపుకుంటేగాని ఆయన సైగ చెయ్యలేరు, సైగ లేనిదే బుడాన్ పిలవడు. ఈలోగా బస్సు దిగినవాడు పరుగున వచ్చి పడేవాడు. పాత మేజిస్ట్రేటు గారు ఆ కాసేపూ హాయిగా కునుకు తీసేవారు.

తర్వాత కొత్త ఆయన వచ్చారు. కునుకు లేదు, నవ్వు లేదు.

తిరుపాలమ్మ కేసు ఆయన ముందుకే వచ్చింది. మొగుడు పోయాక వంకాయలమ్మి కూతుర్ని సాకుతున్న మనిషి. సంతలో ఆశీలు వసూలు చేసేవాడు కూడని మాట ఒకటి అంటే, గంప తీసి వాడి నెత్తిన బోర్లించింది. కాగితాల్లో ఆ గంప ఆయుధమైంది. గంప కోర్టు దాకా వచ్చింది, వంకాయలు మాత్రం దారిలోనే ఎవరింటికో కూరకు పోయాయి.

ఒక వాయిదాకు ఆమె రాలేకపోయింది. "ఇంకోసారి రాకపోతే బెయిలు రద్దు చేసి జైలుకు పంపుతాను" అన్నారు కొత్త మేజిస్ట్రేటు. ఆమె జైలుకు పోతే ఆ చిన్నపిల్ల ఎవరి పంచన పడుకుంటుందో ఎవరికీ తెలియదు.

తర్వాతి వాయిదా నాడు వాన దంచేసింది. వాగు పొంగిందని కబురు.

"తిరుపాలమ్మోవ్" అని వరండాలోంచి అరిచాడు బుడాన్. జవాబు లేదు. రెండోసారీ అరిచాడు. ఆశీలువాడు వెనక బెంచీ మీద కాలు మీద కాలు వేసుకున్నాడు.

పానకాలు గారు దగ్గారు. నన్ను అందుకున్నారు.

"మీ చెంబుకు రెండో పిలుపప్పుడే బిగుసుకునే జబ్బా?" అన్నారు మేజిస్ట్రేటు.

"పాతదండీ అయ్యా."

"ఇటు తెండి. నేను తీస్తాను."

బుడాన్ గుమ్మంలోనే కళ్ళు మూసుకున్నాడు. మూత ఊడిందా, పానకాలు గారి నాటకం బయటపడుతుంది, మూడో పిలుపు పడుతుంది, తిరుపాలమ్మ జైలుకు పోతుంది. నేను చేయగలిగిందేముంది? చెంబును. తిప్పినవాడి చేతిలో దాన్ని.

మేజిస్ట్రేటు గారు మొదట ఎడమకు తిప్పారు. బిగుసుకున్నాను. ఆగారు. బొటనవేలితో వెంట్రుకవాసి కుడికి నెట్టారు. వదులయ్యాను. ఆ సంగతి ఆయన వేలికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన కిటికీలోంచి ఒకసారి వాన వైపు చూశారు. తర్వాత పళ్ళు బిగబట్టి, ఒంట్లో శక్తంతా పెట్టి, మళ్ళీ ఎడమకే తిప్పారు.

"నిజమే, రావడం లేదు. ప్లీడరు గారూ, మీరూ ఓ చెయ్యి వెయ్యండి."

తిరుపాలమ్మ తరఫు ప్లీడరు గారు నల్లకోటు చేతులు పైకి లాక్కుని ఎడమకే తిప్పారు. ప్రభుత్వ వకీలు జేబురుమాలు చుట్టి ఎడమకే తిప్పారు. ఆఖరికి ఒకరు నా మెడ, ఒకరు నా అడుగు పట్టుకుని గుంజారు.

"రోజూ పెరుగన్నమే తింటారా ఏమిటండీ?" అన్నారు వకీలు.

"మీరు తినేదేమిటో కనబడుతూనే ఉంది, గట్టిగా పట్టుకోండి" అన్నారు ప్లీడరు.

"అయ్యా, మూడో పిలుపు..." అని గొణిగాడు ఆశీలువాడు.

"క్లర్కుగారి గొంతెండిపోతుంటే నీకు పిలుపు గొడవా?" అన్నాడు బుడాన్.

అప్పుడు, మోకాళ్ళ దాకా బురదతో, తిరుపాలమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. పానకాలు గారు ఒక్క చుక్క తాగకుండానే సైగ చేసేశారు.

"తిరుపాలమ్మోవ్."

"పక్కనే ఉన్నా కదన్నా, చెవిలో అరుస్తావేం" అంది ఆమె.

మేజిస్ట్రేటు గారు నన్ను తిరిగి ఇస్తూ, "దీన్ని ఎవరూ సాక్ష్యానికి పిలవకండి. చచ్చినా నోరు విప్పదు" అన్నారు. ఆయన నవ్వడం ఆ కోర్టు చూడటం అదే మొదలు.

ఆ పట్టుకు నేను మళ్ళీ ఊడలేదు, ఎటు తిప్పినా. కొన్నాళ్ళకు కేసు కొట్టేశారు. రిటైరైన నాడు పానకాలు గారు నన్ను తిరుపాలమ్మ చేతిలో పెట్టారు. "తాగడానికి పనికిరాదు. అక్కరకొచ్చింది నీకే, ఉంచుకో" అన్నారు.

ఇప్పుడు ఆమె గూట్లో ఉన్నాను. ఊపితే ఆనాటి నీళ్ళు కడుపులో గలగలమంటాయి. కంచరికిస్తే చిటికెలో తీస్తాడని కూతురు పోరుతుంది. ఆమె ఒప్పుకోదు. "పెద్దమనిషి పనిగట్టుకుని బిగించాడే, మనం విప్పకూడదు" అంటుంది. ఆ సంగతి ఆమెకెలా తెలిసిందో నాకు తెలియదు. నేనైతే చెప్పలేదు.

తిరుపాలమ్మ. కార్డులో వయసు అరవై ఎనిమిది, రాసినవాడు మొహం చూసి వేశాడు. ఇప్పుడు ఉంటున్నది గిద్దలూరులో, కూతురింట.