తెల్ల గింజలు

నల్ల నువ్వుల్లో నల్ల రాయి ఉంటే కంటికి దొరకదు, పంటికి దొరుకుతుంది. అందుకని ఆ ఆదివారం, ఇంట్లో ఇంకా ఎవరూ లేవకముందే, ఆమె సింకు దగ్గర నిలబడి నువ్వులు గాలిస్తోంది. వెడల్పాటి గిన్నెను ఒక పక్కకి వంచి, గుండ్రంగా ఊపుతూ, నీళ్ళతో పాటు పైకి తేలిన గింజల్ని ఇంకో గిన్నెలోకి జారవిడుస్తోంది. అడుగున మిగిలిన ఇసుకను వేలితో రాసి చూసి, మళ్ళీ నీళ్ళు పోసింది. తొందరపడే వాళ్ళకి కుదిరే పని కాదది. తొందర లేకుండా ఏదైనా చేసుకునే వీలు ఆమెకి వారం మొత్తం మీద ఈ ఒక్క పూటే దొరుకుతుంది, అదీ అందరూ లేచి కాఫీ అడిగేదాకానే.

నిన్న సాయంత్రం భర్త ఆఫీసు నుంచి రాగానే, బూట్లు కూడా విప్పకుండా, పెద్ద కబురు మోసుకొచ్చిన వాడిలా గుమ్మంలోనే చెప్పాడు. వీధి చివర బేకరీ ఆవిడకి ఆ మధ్య చిన్న సీసాలో నువ్వుల ముద్ద ఇచ్చాడట. ఆవిడ దాన్ని బన్నులో పెట్టి చూసిందట. అంత బాగా ఎక్కడా తినలేదని, ఎలా చేస్తారో ఒకసారి కళ్ళారా చూడాలని, రేపు ఇంటికే వస్తానని అందట. అత్తగారి మొహం చాటంత అయింది. "అమ్మ చేసి చూపిస్తుంది. నువ్వు అన్నీ సిద్ధం చేసి పెట్టు," అన్నాడు భర్త ఆమె వైపు తిరిగి. ఆ మాటలో తప్పేమైనా ఉందని అతనికి తోచనే లేదు. ఆమె పెళ్ళయినప్పటి నుంచీ అన్నీ సిద్ధం చేసి పెడుతూనే ఉంది. వచ్చిన వాళ్ళు తిని, మూతి తుడుచుకుని, మీ అమ్మగారి చేతిలో ఏదో ఉందండీ అని వెళ్ళిపోతూనే ఉన్నారు.

నువ్వుల్ని పల్చటి గుడ్డ మీద ఆరబోసి, ఫ్యాను వేసి, వాటి పక్కనే కుర్చీలో కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో ఈ ముద్ద ఎలా చెయ్యాలో అత్తగారే చెప్పింది. సన్నటి సెగ మీద వేయించాలి, రంగు చూసి దింపాలి, అంతే, అంది. నల్ల గింజకి రంగేమిటి? పచ్చిదీ నలుపే, వేగినదీ నలుపే, మాడినదీ నలుపే. ఆ మొదటిసారి ఆమె మాడ్చి పెట్టింది. నోట్లో పెట్టుకుంటే చేదు. భర్త రొట్టె ముక్క పళ్ళెంలో వదిలేసి, "మా అమ్మ చేస్తే ఇలా ఉండేది కాదు," అన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు. ఆ అనకపోవడం కూడా తనకి వేసిన మొట్టికాయే అనుకుంది ఆమె.

తర్వాత ఎన్నిసార్లు మాడిందో, ఎన్నిసార్లు పచ్చిగా దింపేసిందో. ఒకసారి కొట్టువాడు ఇచ్చిన పొట్లంలో నాలుగు తెల్ల నువ్వులు కలిసిపోయి వచ్చాయి. ఏరే ఓపిక లేక అలాగే మూకుట్లో పోసింది. గరిటె తిప్పుతూ తిప్పుతూ ఉండగా ఆ నల్లటి కుప్పలో తెల్ల గింజలు మెల్లగా పసుపెక్కి, గోధుమ రంగుకి తిరగడం కనిపించింది. అప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయింది. అన్నీ ఒకే సెగ మీద ఉన్నాయి. ఒకే మూకుడు. తెల్లవి వేగాయంటే నల్లవీ వేగినట్టే. గబుక్కున దింపి, ఒక నల్ల గింజని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపితే పిండిలా రాలి కమ్మటి వాసన వచ్చింది. వంటింట్లో ఒక్కతే నిలబడి పగలబడి నవ్వుకుంది. అప్పటి నుంచీ నల్ల నువ్వులు ఎన్ని పోసినా వాటిలో చిటికెడు తెల్లవి తనే కలుపుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు. అయినా ఎవరూ అడగని ఆ చిటికెడు గింజలు ఈ ఇంట్లో అచ్చంగా తనవి అనిపించేవి. ముద్ద చేసేది ఆమే అయినా, భర్త మాత్రం దాన్ని అమ్మ ముద్ద అనే అనేవాడు.

ఇంట్లోనే కాదు, బయటా ఇదే వరస. ఆమె కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. అద్దం అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టేది ఆమే. వెంట్రుక వాసి తేడా వస్తే పెట్టుకున్న వాళ్ళకి తల తిరుగుతుంది. షాపు యజమాని మాత్రం కొనేవాళ్ళతో "మా వాళ్ళు చేస్తారు" అంటాడు. ఆ వాళ్ళు అంటే లోపలి గదిలో ఒంటరిగా కూర్చున్న ఈమె ఒక్కతే. బాగా కుదిరిన అద్దాలు పెట్టుకుని మురిసిపోతూ వెళ్ళేవాళ్ళు యజమానికి చెయ్యి ఊపి వెళతారు. ఆమె గాజు పలక వెనక నుంచి చూసి, సరేలే అనుకుని, ఇంకో ఫ్రేము అందుకుంటుంది. సరేలే అనుకోవడం ఆమెకి బాగా అలవాటైన పని.

బేకరీ ఆవిడ అన్న టైముకే వచ్చింది. పొట్టిగా, దిట్టంగా, చేతుల మీద పొయ్యి సెగకి కాలిన పాత మచ్చలతో ఉంది. కాఫీ వద్దని, తిన్నగా వంటింట్లోకి వచ్చి నిలబడింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి స్టవ్ పక్కన ఎత్తు స్టూలు వేసింది ఆమె. మూకుడు, గరిటె, తడి ఆరిన నువ్వుల పళ్ళెం, మిక్సీ జార్ అన్నీ వరసగా అమర్చింది. భర్త గుమ్మానికి ఆనుకుని, పిల్ల నాట్యం చేస్తుంటే చూసే తండ్రిలా వాళ్ళమ్మని చూస్తున్నాడు. తమ ఇంట్లో ఈ ముద్ద చిన్నప్పటి నుంచీ ఉందని, ఆ రుచి అమ్మ చేతికి తప్ప ఇంకెవరికీ రాదని బేకరీ ఆవిడకి చెబుతున్నాడు.

అత్తగారు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళజోడు సవరించుకుని చూసి, నాలుక చప్పరించింది. నల్ల నువ్వుల మధ్య తెల్లవి మెరుస్తున్నాయి.

"చూశావా అమ్మా, ఈ కాలం కొట్లు ఎలా ఉన్నాయో. చూసుకోకుండా తెచ్చేసింది మా కోడలు. పని చేసేది కళ్ళద్దాల షాపులో, అద్దాలు కావాల్సింది మాత్రం దానికే," అంది. భర్త గట్టిగా నవ్వాడు. బేకరీ ఆవిడ నవ్వలేదు.

అత్తగారు ఒక్కొక్క తెల్ల గింజే ఏరి, పక్కనున్న సాసరులో వెయ్యడం మొదలుపెట్టింది. ఎంత శ్రద్ధగా ఏరుతోందంటే, ఒక్కటి కూడా తప్పించుకోకూడదన్నట్టు పళ్ళేన్ని వెలుతురుకి తిప్పి మరీ చూస్తోంది. కోడలి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. అత్తయ్యా, అవి ఉండనివ్వండి, అంటే సరిపోయేది. ఎప్పుడూ అలాగే సరిపెట్టేది. పక్క నుంచి సెగ తగ్గించేది, ఉప్పు వేసేది, మాడబోయే దాన్ని దింపేది, చివరికి పేరు వాళ్ళకి వదిలేసేది. ఇవాళ ఆ మాట మింగేసి చేతులు కట్టుకుంది. తన చెయ్యి పడకపోతే ఈ వంట ఏమవుతుందో ఒక్కసారి ఈ ఇల్లు చూడాలి అనుకుంది.

మూకుడు వేడెక్కింది. నువ్వులు చిటపటలాడాయి. అత్తగారు గరిటె తిప్పుతూ బేకరీ ఆవిడకి రంగు చూడమంది. బేకరీ ఆవిడ వంగి చూసింది. "నలుపే కదా పిన్నిగారూ?" అంది. అదే మరి, ఇంకొంచెం ఉండాలి, అంది అత్తగారు. చిటపటలు జోరందుకుని, మళ్ళీ పల్చబడ్డాయి. ఇప్పుడు దింపాలి అని కోడలి వేళ్ళు లాగాయి. గింజలు నలుగురి కళ్ళ ముందే నల్లగా, నిమ్మళంగా మాడిపోయాయి. వాసన వచ్చేసరికి ఆలస్యమైంది.

అయినా మిక్సీ వేశారు. బేకరీ ఆవిడ చెంచా చివర నాకి, మర్యాదగా మింగి, మంచినీళ్ళు అడిగింది. భర్త కూడా రుచి చూసి మొహం చిట్లించాడు. తర్వాత ఎప్పటిలాగే ఆమె వైపు తిరిగాడు.

"నువ్వులు మంచివి కావు. చూసి కొనాలి కదా నువ్వు."

"నువ్వులు మంచివే," అంది ఆమె. గొంతు తను అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. "ఆ తెల్ల గింజలు కొట్టువాడు కలిపినవి కావు. నేను వేసినవి. నల్లవి ఎప్పుడు వేగాయో అవే చెబుతాయి. ఎప్పుడూ నేనే వేస్తాను."

బేకరీ ఆవిడ సాసరు వైపు చూసింది, మూకుడు వైపు చూసింది, ఆమె వైపు చూసింది. అర్థమైనట్టు తల పంకించి, "మళ్ళీ చెయ్యండి, చూస్తాను," అంది.

ఆమె మూకుడు తోమింది. గాలించి ఉంచిన నువ్వులు ఇంకా కొన్ని గుడ్డ మీద ఉన్నాయి. వాటిని పోసి చెయ్యి చాపితే, అత్తగారు సాసరు అందించింది. తెల్లవి నల్లవాటిలో చల్లి, సెగ తగ్గించి, గరిటె తిప్పుతూ నిలబడింది. తెల్ల గింజలు పసుపెక్కి, గోధుమ రంగుకి తిరిగాక దింపి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, గోరువెచ్చగా ఉండగానే మిక్సీ వేసింది. ముందు పొడి అయింది. తర్వాత జార్ గోడలకి అతుక్కుంది. మూత తీసి స్పూనుతో గీకి, మళ్ళీ వేసింది, మళ్ళీ గీకింది. నూనె వదిలేదాకా ఓపిక పడితే చాలని, చుక్క నూనె కూడా పొయ్యక్కర్లేదని బేకరీ ఆవిడకి చెప్పింది. చివరికి ముద్ద కాటుకలా నిగనిగలాడుతూ స్పూను మీంచి తీగలా జారింది. అందులో కలిసిపోయిన తెల్ల గింజల జాడ కూడా లేదు.

బేకరీ ఆవిడ చెంచా నాకి కళ్ళు మూసుకుంది. "ఇదీ నేను తిన్నది," అంది.

భర్త ఇంకా తేరుకోలేదు. "ఇది అమ్మ ముద్దే కదా?" అన్నాడు, ఎవరిని అడుగుతున్నాడో తెలియనట్టు.

"నాది కాదురా," అంది అత్తగారు స్టూలు మీంచే. "నాది ఎప్పుడూ చేదే. చిన్నప్పుడు నువ్వు తేనె పోస్తే గానీ ముట్టేవాడివి కాదు. ఇది నీ పెళ్ళానిది. ఇన్నాళ్ళూ నువ్వు అమ్మది అమ్మది అంటుంటే బాగుండి ఊరుకున్నాను." ఆ చివరి మాట కోడలి కళ్ళలోకి చూసే చెప్పింది. ఆమెకి కోపం రావాలి, వచ్చింది కూడా. అయితే దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. అది గర్వం. నలుగురి ముందు తన పని తన పేరున నిలబడితే ఇలా ఉంటుందా అనుకుంది. వీపు దానంతట అదే నిటారైంది.

బేకరీ ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, ఆదివారాలు పొద్దున్న బేకరీకి వచ్చి చేసి పెడతారా, ఊరికే చేయించుకోను, జీతం ఇస్తాను, ఎవరడిగినా చేసింది మీరేనని చెబుతాను అంది. భర్త అందుకున్నాడు. ఆదివారం ఒక్క రోజే కదా ఆమె ఇంట్లో ఉండేది, పొద్దున్న ఇంటి పని ఎవరు చూస్తారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు కూడానూ, అన్నాడు. బేకరీ ఆవిడ అతనికి జవాబు చెప్పకుండా ఆమె వైపే చూస్తూ నిలబడింది.

"వస్తాను," అంది ఆమె.

వారమంతా భర్త ముభావంగా తిరిగాడు. మనింట్లోకి ముద్ద ఎవరు చేస్తారని ఒకసారి, నాకు రొట్టెలోకి ఏమీ లేదని ఇంకోసారి గొణిగాడు. ఆమె విననట్టు ఊరుకుంది. షాపులో మాత్రం ఒక ముసలాయన కొత్త అద్దాలు పెట్టుకుని ఎంత బాగా కుదిరాయో అంటుంటే, గాజు పలక వెనక నుంచి లేచి బయటికి వచ్చి, "నేనే చేశానండీ," అంది. యజమాని తెల్లబోయాడు. ముసలాయన మాత్రం ఆమెకి చెయ్యి ఊపి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున్నే ఆమె తయారై చెప్పులేసుకుంటుంటే భర్త నిద్రమొహంతో వంటింట్లోంచి తొంగి చూశాడు. గట్టు మీద మూకుడు, గరిటె, మిక్సీ జార్, శుభ్రంగా ఆరబెట్టిన నల్ల నువ్వుల పళ్ళెం వరసగా ఉన్నాయి.

"ఇవన్నీ ఏంటి?" అన్నాడు.

"అన్నీ సిద్ధం చేసి పెట్టాను," అంది ఆమె గుమ్మం దాటుతూ. "మీరు చెయ్యండి. తెల్లవి మాత్రం ఏరెయ్యకండి."