సెట్లు కొట్టీసినాం

అక్సాకి పెళ్ళై ఇరవై మూడు రోజులైంది. ఈ ఇరవై మూడు రోజుల్లో ఆమెని సంతోషపెట్టని వస్తువంటూ ఇంట్లో లేదు. ఒకే తీగ మీద పక్కపక్కన ఆరే రెండు తువ్వాళ్ళు ఆనందం. ఫ్రిజ్ తలుపుకి శుభాకర్ అంటించిన వంకర అక్షరాల చీటీ ఆనందం. ఉప్మాలో అతను మర్చిపోయిన ఉప్పు కూడా ఆనందమే. వరసకి ఏమీ కాకపోయినా పెళ్ళైన మూడో రోజు నుంచీ అతన్ని "బావా" అనడం మొదలుపెట్టింది. ఆ మాట పలికినప్పుడల్లా నోట్లో పటికబెల్లం పెట్టుకున్నట్టుంటుందట.

ఆ గురువారం పదకొండింటికి ఆఫీసు కంప్యూటర్లో ఎర్రగుర్తు చూసేసరికి ఆ తీపంతా ఇగిరిపోయింది.

ఆమె పనిచేసేది పట్నంలో, షీలానగర్లో ఒక కాఫీ గోదాము మేడ మీద. పాడేరు కొండల్లో గిరిజన రైతులు పండించిన కాఫీ ఈ గోదాముకి దిగి, బస్తాలకెక్కి, పోర్టు మీదుగా ఐరోపాకి పోతుంది. ఐరోపా వాళ్ళు కొత్తగా ఒక చట్టం చేసుకున్నారు. 2020 ముగిశాక అడవి నరికి సాగులోకి తెచ్చిన నేలలో పండిన కాఫీ గానీ, రబ్బరు గానీ, పామాయిల్ గానీ తమ గడప తొక్కకూడదని. దాని అమలు గడువు జరుగుతూ వస్తున్నా, అక్కడి కొనుగోలుదారులూ ఇక్కడి రైతుల సొసైటీవాళ్ళూ ముందుగానే చేతులు కలిపారు. రుజువులు కూడగట్టడం ఒంటరి రైతు వల్ల అయ్యే పని కాదు కదా. అందుకని సొసైటీ తరఫున అక్సా కొండెక్కి ఒక్కో తోట చుట్టూ ఫోన్ పట్టుకుని నడిచి హద్దులు గీస్తుంది, రైతుని అడిగి ఫారం నింపుతుంది. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో కొనుగోలుదారుల తరఫున ఎడ్వర్డ్ అనే ఆయన ఆ హద్దుల్ని ఉపగ్రహం బొమ్మలతో సరిచూసి పచ్చగుర్తు పెడతాడు.

పదిహేడో లాటుకి మాత్రం ఎర్రగుర్తు పెట్టాడు. ఎనభై ఆరు కుటుంబాల కాఫీ కలిపి బస్తాలకెత్తిన లాటు అది. రేపు పొద్దున్న పదింటికి లారీ ఎక్కి పోర్టుకి వెళ్ళాల్సిన సరుకు.

ఆమె వీడియో కాల్ చేసింది. అక్కడ ఇంకా తెల్లారుతోంది. ఎడ్వర్డ్ చెదిరిన జుట్టుతో, చేతిలో కప్పుతో కనిపించాడు.

"గంగాలమ్మ అనే రైతు తోట, అక్సా. 'చెట్లు నరికారా' అన్న ప్రశ్నకి 'అవును, 2023' అని నీ ఫారంలో ఉంది. సరిగ్గా అదే ఏడాది ఉపగ్రహం బొమ్మలో ఆ తోట పచ్చదనం పలచబడింది. రెండూ ఒకే మాట చెప్తున్నాయి."

"ఒక్క తోటే కదండీ?"

"ఒక్కటే. కానీ ఆ కాఫీ మిగతా వాళ్ళ కాఫీతో కలిసిపోయింది. ఏ గింజ ఎవరిదో నువ్వు విడదియ్యగలవా?"

అక్సా ఆ ఫారం తెరిచింది. తన అక్షరాలే. ఫారం నింపిన రోజు గంగాలమ్మ అన్న మాట చెవిలో మోగింది: "రెండేళ్ళ కిందట సెట్లు కొట్టీసినాం పాపా." తను తల ఊపి, 'నరికారు' గడిలో టిక్కు కొట్టింది. పట్నంలోనే, జ్ఞానాపురంలో పుట్టి పెరిగిన పిల్లకి చెట్టు కొట్టడమంటే చెట్టు లేకుండా పోవడమే. అయితే అంత నింపాదిగా ఎందుకు చెప్పింది ఆవిడ? అడవి నరికిన మనిషి మొహం అలా ఉంటుందా?

"ఫోటోలు కావాలి. ఇవాళ. ఆ తోటలో నిలబడి తీసినవి," అన్నాడు ఎడ్వర్డ్. "సాయంత్రందాకా నేను ఇక్కడే ఉంటాను."

మేనేజరు దొరబాబుది కాకినాడ వైపు. సంగతి విని కుర్చీ వెనక్కి వాల్చాడు.

"ఆయ్, దీనికింత కంగారెందుకమ్మా? ఆవిడ పేరు లిస్టులోంచి ఎగరగొట్టెయ్. ఎనభై అయిదు పేర్లతో పంపు."

"బస్తాల్లో ఆవిడ గింజలున్నాయి కదండీ."

"గింజకి పేరుంటుందేంటి? లాటు ఆగిపోతే ఆ ఎనభై అయిదు మందికీ నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అక్సా తన సీటుకి తిరిగొచ్చింది. ఆ పేరు ఒకసారి కొట్టేస్తే గంగాలమ్మ అడవి నరికిన మనిషిగానే మిగిలిపోతుంది. వచ్చే ఏడు ఆవిడ కాఫీ సొసైటీ ముట్టుకోదు. గంగాలమ్మ ఫోన్‌కి నాలుగుసార్లు చేసింది. ఆ కొండ మీద సిగ్నల్ ఎప్పుడుంటుంది గనక. చివరికి శుభాకర్‌కి చేసింది. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడతను. ఆవేళ వీక్లీ ఆఫ్.

"బావా, ఏం సేత్తన్నావ్?"

"పడుకున్నాను. కల్లో నువ్వే ఉన్నావు."

"కల ఆపి బండి తియ్. పాడేరెళ్ళాలి."

"హనీమూనేటి?"

"కాదు. నాను రాసిన తప్పు సూడ్డానికి."

సబ్బవరం దాటేదాకా ఆమె అతని భుజం మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉంది. లారీ వెనక పడితే "దాటించు", ఖాళీ రోడ్డు వస్తే "ఇంకొంచెం". మార్చి ఎండ హెల్మెట్‌లోకి దూరుతోంది. మాడుగులలో అతను బండి ఆపి, ఆమె అరుస్తున్నా వినకుండా దుకాణంలోకి వెళ్ళి పావుకిలో హల్వా తెచ్చాడు.

"ఇక్కడ లాటు మునిగిపోతంటే నీకు హల్వా కావాలా?"

"నువ్వు టిఫిన్ తిన్లేదు. తింటూ తిట్టు."

ఆమె తింటూనే తిట్టింది. నెయ్యి కారే ఆ ముక్క ఎంత బాగుందంటే తిట్టాల్సిన మాట రెండుసార్లు మర్చిపోయింది. ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి మళ్ళీ ఆ ఫారమే గుర్తొచ్చింది. నిజంగానే నరికేసి ఉంటే? ఫోటో ఎక్కడినుంచి తెస్తుంది?

మూడున్నరకి గూడెం చేరారు. గంగాలమ్మ వాకిట్లో మిరియాలు ఎండబోసుకుంటోంది. యాభై ఏళ్ళుంటాయి. ఎండలో కళ్ళు చిట్లించి చూసింది.

"ఓలమ్మ, ఫోను పాపవి కదా! ఏలికి ఆ ఉంగరమేటి? పెళ్ళైపోనాదేటి?"

"అయిపోయిందమ్మా. ఈయనే."

"బక్కోడు. తిండెట్టవేటి?"

శుభాకర్ చేతిలోని హల్వా పొట్లం వెనక్కి దాచుకున్నాడు. అక్సాకి నవ్వే ఓపిక లేదు.

"అమ్మా, కిందటిసారి నేనొచ్చినప్పుడు సెట్లు కొట్టీసినాం అన్నావు. గుర్తుందా?"

"అన్నాను. కొట్టీసినాం. కొట్టకపోతే కాఫీకి ఎండెలాగ తగుల్తాది?"

"ఆ కొట్టిన చెట్లు చూపించు."

ఇంటి వెనకే తోట. గంగాలమ్మ ముందు నడిచి, ఆగి, గడ్డం పైకెత్తింది. "ఇయ్యే."

కాఫీ మొక్కలకి నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లు. కొబ్బరిచెట్టుని మించిన ఎత్తు. కాండానికి చుట్టుకుని మిరియాల తీగలు. పైన కొమ్మలు కోసిన చోటల్లా గుండ్రటి మచ్చలు, ఆ మచ్చల పక్కనించి పొడుచుకొచ్చిన కొత్త కొమ్మలు.

"ఇవి ఉన్నాయి కదా!" అంది అక్సా.

"ఉండవేటి మరి? కొట్టినాం గానీ పడగొట్టినామేటి?"

"అంటే?"

గంగాలమ్మ ఆమెని జాలిగా చూసింది. "కొమ్మలు కొడితే కొట్టడం. మొదలంటా తీసీత్తే పడగొట్టడం. పట్నంలో రెండూ ఒకటేనేటి?"

అక్సా ఆ చెట్టునే పట్టుకుని నిలబడిపోయింది. పట్నంలో రెండూ ఒకటే. కొమ్మలు తగ్గితే ఆకాశం నుంచి చూసే కంటికీ రెండూ ఒకటే. కింద నిలబడి అడగాల్సిన మనిషి తను. అడగలేదు.

ఫోన్ తీసింది. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి మొదలు, మచ్చలు, కొత్త చిగురు ఫోటో తీస్తూ వెళ్ళింది. శుభాకర్ గట్టిగా లెక్కపెడుతున్నాడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభయ్యో దగ్గర నోరు ఆగిపోయింది. అక్కడ మోకాలెత్తు మొద్దు ఒకటుంది.

గంగాలమ్మ మొద్దు మీది ఎండుటాకులు చేత్తో తుడిచింది. "ఇది పడగొట్టిందే. తుపానుకి ఇంటి దూలం ఇరిగిపోతే."

శుభాకర్ అక్సా చెవి దగ్గర గొణిగాడు. "ఇది ఒద్దులే. నలభైలో ఒకటి. ఎవడు సూత్తాడు?"

అక్సా వేలు ఫోన్ మీద ఆగింది. ఈ ఒక్క ఫోటో చూసి ఎడ్వర్డ్ మళ్ళీ తల అడ్డంగా ఊపితే ఇంత దూరం వచ్చిందీ వృథా. తియ్యకపోతే పొద్దున్న లారీ కదిలిపోతుంది. ఆమె ఫోన్ కిందికి దించింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించింది.

"తియ్యి పాపా," అంది గంగాలమ్మ. "నానొకటి సెప్తే నువ్వింకోటి రాసినావనే కదా ఇంత ఎండలో వచ్చినావు. మళ్ళీ ఇంకోటి రాత్తావేటి?"

అక్సా ఫోటో తీసింది. గంగాలమ్మని ఆ మొద్దు పక్కన నిలబెట్టి ఇంకోటి, ఆ దూలం ఎక్కిన ఇంటికప్పుది ఇంకోటి.

గూడేనికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక మలుపు దగ్గర మాత్రం సిగ్నల్ దొరుకుతుంది. అక్కడ రాతి మీద కూచుని ఫోటోలు పంపింది. ఒక్కోటీ పాకుతూ వెళ్తోంది. ఆమె లేచి రోడ్డుకి ఆ చివరిదాకా నడిచి, వచ్చి, మళ్ళీ నడిచింది.

"నువ్వలా తిరిగితే ఫోటోలు తొందరగా పోవు," అన్నాడు శుభాకర్.

"కూచున్నా పోవు."

అయిదుంపావుకి ఎడ్వర్డ్ కాల్ చేశాడు. పంపినవన్నీ చూశానన్నాడు. అక్సా గుక్కతిప్పుకోకుండా కొట్టడం, పడగొట్టడం గురించి చెప్పింది. మొద్దు సంగతి తనే ముందు చెప్పింది. అటువైపు మౌస్ నొక్కుతున్న చప్పుడు. ఆమె శుభాకర్ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంటికోసం ఒక చెట్టు తీసుకోవడం అడవిని తోటగా మార్చడం కాదు," అన్నాడు ఎడ్వర్డ్ చివరికి. "అక్కడ ఇప్పటికీ నీడ ఉంది, చెట్లున్నాయి. ఆ మొద్దు ఫోటో లేకపోతే మాత్రం మిగతా ముప్పై తొమ్మిదినీ నేను నమ్మేవాణ్ణి కాదేమో. ఉపగ్రహం బొమ్మలో ఆ మూల ఒక చుక్కంత ఖాళీ నాకు కనిపిస్తూనే ఉంది. అయితే ఒకటి. ఫారంలో తప్పు ఎవరిదో రాయాలి."

"నాదే అని రాస్తాను."

"రాయి. కొట్టడం, పడగొట్టడం అన్న ఆ రెండు మాటలూ తెలుగులోనే పంపు. ఫారంలో రెండు వేరే గడులు పెట్టిస్తాను."

పచ్చగుర్తు పడింది. అక్సా ఎగిరి గంతేసి, దొరబాబుకి ఫోన్ చేసి "ఎనభై ఆరూ వెళ్తున్నాయండీ, పూర్తిగా!" అని అరిచింది. శుభాకర్ బండి స్టార్ట్ చేసి కిందివైపు తిప్పాడు. ఆమె ఎక్కలేదు. ఫోన్‌లో ఏదో వెతుకుతోంది.

"ఏటైంది?"

"బావా, 'నరికారు' గడిలో టిక్కున్న ఫారాలు ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. అన్నీ నాను నింపినవే. ఇంకా ఎడ్వర్డ్‌కి పంపని పద్దెనిమిదో లాటు."

"అందరూ కొట్టీసినాం అనే అన్నారా?"

"నాకేం తెలుసు? 'అవును' అని మాత్రమే రాసుకున్నాను." ఆమె గోరు కొరుక్కుంది. "నిజంగా పడగొట్టినోళ్ళు కూడా ఉండొచ్చు. ఆ పంతొమ్మిదిలో నూకాలు తోట దగ్గర్లోనే ఉంది. రెండు మలుపులు పైకి."

శుభాకర్ ఆకాశం వైపు చూశాడు. ఎండ ఇంకా కొండ నెత్తిమీదే ఉంది. బండి పైకి తిప్పాడు.

ఆమె ఎక్కి కూచుని, అతని నడుం చుట్టూ రెండు చేతులూ బిగించింది. "ఆళ్ళింట్లో కుక్కుంది. ముందు నువ్వు దిగు."